జీడి చేతులూ గిటారు తీగలూ

టెక్కలిలో నా దగ్గరకు పిల్లల్ని గిటారు నేర్చుకోవడానికి తీసుకొచ్చే తల్లిదండ్రులు ఫీజు కంటే ముందు అడిగే ప్రశ్న ఒకటుంది. "మేడమ్, ఈ తీగలు ఎన్నాళ్ళకోసారి మార్చాలి? బాగా మన్నే రకం ఏదైనా ఉంటే చెప్పండి, ఒక్కసారే వేయించేస్తాం." ఆ ప్రశ్న వినగానే నాకు ఒళ్ళు మండుతుంది. పాపం వాళ్ళ తప్పేమీ లేదు. చెప్పులు కొన్నా, బకెట్టు కొన్నా అడిగే ప్రశ్నే అది. మంట వాళ్ళ మీద కాదు, మన్నిక అనే మాట మీద. ఆ మాట సాకుగా చూపించే నన్ను ఒకప్పుడు గిటారుకు దూరంగా కూర్చోబెట్టారు.

అయినా అడిగినదానికి జవాబు చెప్పాలి కదా, చెబుతాను. రోజూ వాయిస్తే రెండు మూడు నెలలకు, వారానికోసారి వాయిస్తే ఇంకొంచెం ఆగి మార్చుకోవచ్చు. అది టెక్కలి లెక్క. సంతబొమ్మాళి దాటి సముద్రం వైపు వెళితే ఆ లెక్కలో సగం కొట్టేయండి. పైన సన్న లోహపు తీగ చుట్టి ఉండే లావు తీగల్ని చుట్టుతీగలంటాం, వాటిలో పసుపు పచ్చగా మెరిసేవి కొత్తలో చర్చి గంటలా మోగి త్వరగా చచ్చిపోతాయి. కాస్త ఎర్రగా, రాగి చాయలో ఉండేవి నెమ్మదిగా గొంతు విప్పి ఎక్కువ రోజులు నిలుస్తాయి. అన్నిటికంటే ముందు తుప్పు పట్టేవి, తెగేవి, కింద ఉండే రెండు సన్న తీగలు. అవి విడిగా కొనుక్కుని దగ్గర ఉంచుకోండి. పైన ప్లాస్టిక్ పొర వేసిన ఖరీదైన తీగలు తర్వాత వచ్చాయి. నిజంగానే మన్నుతాయి. నాకు మాత్రం అవి దుప్పటి ముసుగులోంచి మాట్లాడుతున్నట్టు వినిపిస్తాయి. వాయించడం అయ్యాక పొడి నూలుగుడ్డతో తుడవండి. విద్య అంతే. మిగిలినదంతా మనుషులతో వచ్చిన పేచీ.

ఆ పేచీ తొంభైల చివర్లో మా ఊళ్ళో మొదలైంది. మాది ఉద్దానంలో సముద్రపు ఒడ్డు ఊరు. ఒక పక్క కొబ్బరి తోటలు, ఇంకో పక్క జీడి తోటలు, ఇసుక దిబ్బ దాటితే పడవలు. ఇంట్లో పడుకుంటే అలల చప్పుడు వినిపిస్తుంది. పొద్దున ఆరేసిన గుడ్డలు సాయంత్రానికి ఉప్పుతో బిర్రుగా అయిపోతాయి. తలుపు గొళ్ళేలు, సైకిలు చువ్వలు, చర్చి గేటు, ఏదైనా సరే, మా ఊరికి వచ్చిందంటే తుప్పు పట్టాల్సిందే.

మా అమ్మ పలాస జీడి ఫ్యాక్టరీలో కటింగు పని చేసేది. తెల్లారగానే ఒకే ఆటోలో ఊరి ఆడవాళ్ళు ఒకరి ఒళ్ళో ఒకరు కూర్చుని వెళ్ళేవారు. ఉడికించిన జీడిగింజను కత్తుల మధ్య పెట్టి, కాలితో పెడలు నొక్కి రెండుగా చీల్చి, పప్పును బయటకు తియ్యాలి. చీల్చినప్పుడల్లా పిక్కలోంచి నల్లటి రసం చిమ్ముతుంది. అది చర్మాన్ని కాలుస్తుంది. ఎంత బూడిద రాసుకున్నా, ఎంత నూనె పట్టించినా కొన్నాళ్ళకు వేళ్ళు నల్లబడి, పగిలి, గోళ్ళ చుట్టూ చర్మం పొలుసులుగా లేస్తుంది. ఇంటర్ అయిపోయాక నేనూ ఆ బల్ల దగ్గర కూర్చున్నాను. మొదట్లో బొబ్బలు వచ్చి అన్నం కలుపుకోలేక చెంచాతో తిన్నాను. ఏడాది తిరిగేసరికి నా చేతులకూ మా అమ్మ చేతులకూ తేడా లేకుండా పోయింది.

గిటారు మా బాప్టిస్టు చర్చిది. వెనకటి పాస్టరుగారి భార్య దాన్ని పుట్టింటి నుంచి తెచ్చుకున్నారు. ఆడవాళ్ళ కూడికల్లో ఆవిడ వాయిస్తుంటే నేను ఎదురుగా కూర్చుని ఆవిడ వేళ్ళనే చూసేదాన్ని. ఒకరోజు చూసింది చాల్లే అని నా ఒళ్ళో పెట్టేశారు. నాలుగేళ్ళు నేర్పారు. వాళ్ళకు వేరే ఊరికి బదిలీ అయినప్పుడు గిటారును సంఘానికి ఇచ్చేసి, "దీన్ని ఈ పిల్ల వాయిస్తుంది" అని అందరి ముందూ చెప్పి వెళ్ళారు. ఆ మాట మీదే నేను ప్రతి ఆదివారం వాయించాను. కొత్త పాస్టరుగారు మూడు ఊళ్ళ సంఘాలకు ఒక్కరే. స్కూటరు మీద వచ్చి, ప్రసంగం చేసి, ఇంకో ఊరికి పరిగెత్తేవారు. అందుకని చర్చి బాగోగులన్నీ సంఘ పెద్ద చేతిలోనే ఉండేవి.

ఆ పెద్దను నేను మావయ్యా అనేదాన్ని. మా అమ్మ అన్నియ్యా అనేది. చుట్టరికం లేదు, వరసంతే. కొబ్బరి తోట ఉన్న మనిషి. చెడ్డవాడు కాదు. గాలివానకు చర్చి రేకులు లేచిపోతే తన ఇంటి పైకప్పు చూసుకోకుండా ముందు ఇటే పరిగెత్తుకొచ్చాడు. కానీ ఆయనకు వస్తువులు వాడటమంటే భయం. సంఘానికి ప్లాస్టిక్ కుర్చీలు కొంటే వాటి మీది కవర్లు తియ్యనివ్వలేదు. ఎండాకాలం ఆ కవర్ల మీద కూర్చుంటే లేచేటప్పుడు మగవాళ్ళ చొక్కాలు అంటుకుపోయేవి. కొత్త తివాచీ చుట్ట చుట్టి గోడకు నిలబెట్టి ఉండేది. సీలింగు ఫ్యాను పాస్టరుగారు వచ్చాకే తిరిగేది. ఇలాంటి మనిషి చేతికి గిటారు చిక్కింది. తీగలు క్రిస్మసుకే మార్చాలి, ఏడాదికి ఒక్కసారే, అది ఆయన పెట్టిన చట్టం.

"నూతి తాడే రెండేళ్ళు ఉంతాది. ఇది ఇనప తీగ. దీనికేటి రోగం?" అనేవాడు.

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు అనే మనిషితో వాదించి లాభం లేదు. క్రిస్మసుకు వేసిన తీగలు సంక్రాంతి మంచు పోయేసరికి మసకబారేవి. ఈస్టరుకు వేలు జరిపితే గరగరమనేవి, వేలి చివర ఎర్రటి తుప్పు అంటుకునేది. ఆ పైన శ్రుతి చేసినా నిలిచేది కాదు. నేను చెయ్యని ప్రయత్నం లేదు. చుట్టుతీగలు విప్పి, చాకలి సోడా వేసి, గంజి వార్చే గిన్నెలో మరగబెట్టి, ఎండలో ఆరబెట్టి మళ్ళీ ఎక్కించేదాన్ని. రెండు ఆదివారాలు ప్రాణం పోసుకున్నట్టు మోగి మళ్ళీ చచ్చిపోయేవి. అన్నం గిన్నెలో ఇనుము ఉడకబెట్టానని అమ్మ ఒక పూట నాతో మాట్లాడలేదు.

వానాకాలంలో ఒక ఆదివారం, ఆరాధన మధ్యలో, అందరూ గొంతెత్తి పాడుతుండగా కింది తీగ ఠప్పుమని తెగింది. తెగిన కొస నా చెంపను గీసుకుంటూ పోయింది. పాట ఆగిపోయింది. నేను చెంప మీద చెయ్యి వేసుకుని చూసుకుంటే రక్తం. మావయ్య ముందు వరస కుర్చీలోంచి లేచి గిటారును నా ఒళ్ళోంచి తీసుకున్నాడు.

"తెగిపోనాదా? తెగదేటి మరి. జీడి సేతులు. ఆ రసం మనిసి తోలునే తినీసినాది, తీగనొగ్గుతాదేటి?" అన్నాడు.

కోపంగా అనలేదు. వాన వస్తే బురద అవుతుంది అన్నంత మామూలుగా అన్నాడు. ఆడవాళ్ళ చాపల మీద కూర్చున్నవాళ్ళలో సగానికి పైగా కటింగు వాళ్ళే. నేను మా అమ్మ వైపు చూశాను. అమ్మ రెండు చేతులూ పమిట కిందకు లాక్కుంది. ప్రభు భోజనం రోజున రొట్టె అందుకునేటప్పుడు కూడా అమ్మ పమిట చెంగు అడ్డం పెట్టుకునే చెయ్యి చాచేది. అది భక్తి అనుకునేదాన్ని అప్పటిదాకా. చెంప కంటే అదే ఎక్కువ మండింది నాకు.

ఇంటికి వచ్చాక అమ్మ నా చెంపకు పసుపు పెడుతూ, "మనకెందుకే ఆ గిటారు? నోటితో పాడుకుంతే దేవుడు ఇనడేటి?" అంది.

"దేవుడు వింటాడు. మావయ్యకే వినపడదు" అన్నాను.

"ఏటి ఆ మాటలు? ఒగ్గీ. ఊళ్ళో బతకాల."

ఒగ్గలేదు, వదిలిపెట్టలేదు. పలాసలో అప్పట్లో గిటారు తీగలు దొరికేవి కావు, అడిగితే స్టీలు వైరు చూపించేవాళ్ళు. సెలవు రోజున పలాసలో రైలెక్కి బరంపురం వెళ్ళాను. వాయిద్యాల కొట్టులో ఒరియా, తెలుగు కలిపి మాట్లాడే పెద్దాయన. తుప్పు పట్టిన తీగను ఆయన బల్ల మీద పెట్టి, నా చేతులు రెండూ చాపి, "ఇది ఈ చేతుల వల్లేనా? నిజం చెప్పండి" అన్నాను. ఆయన తీగను చూశాడు గానీ నా చేతులను చూడలేదు.

"సముద్రం ఎంత దూరం అమ్మా మీ ఇంటికి?"

"పడుకుంటే వినిపిస్తుంది."

"అయితే నెలా రెణ్ణెల్లు నిలిస్తే దండం పెట్టుకో. గోపాలపురం ఒడ్డు నుంచి వచ్చేవాళ్ళదీ ఇదే ఏడుపు. ఉప్పు గాలి. చేతులకీ దానికీ సంబంధం ఏముంది?"

ఆయన దగ్గర రెండు సెట్లు కొనుక్కుని, ఆ మాటను మూటగట్టుకుని వచ్చి మావయ్యకు చెప్పాను. ఆయన విని నవ్వాడు. "బరంపురం వోడు తీగలమ్ముకునీవోడు. మార్సమనక మార్సొద్దంతాడేటి?" అన్నాడు. అందులో న్యాయం ఉంది. న్యాయం ఉందని తెలియడం వల్లే నాకు ఇంకా కోపం వచ్చింది.

ఆ కోపంలోనే పందెం కట్టాను. బాప్టిస్టులు పందేలు కట్టకూడదు, కనుక దాన్ని పరీక్ష అన్నాం. "మావయ్యా, క్రిస్మసుకు కొత్త తీగలు వేసి ఇస్తాను. బీరువాలో పెట్టి తాళం వేసుకోండి. ఈస్టరు దాకా నేను ముట్టుకోను. ఎవరూ ముట్టుకోవద్దు. తుప్పు పట్టకపోతే పాపం నా చేతులదే, మళ్ళీ గిటారు అడగను. పట్టిందంటే మీరు అన్న మాట అందరి ముందూ వెనక్కి తీసుకోవాలి." ఇది నేను ఆరాధన అయ్యాక సంఘం అంతా వింటుండగా అన్నాను. ఆయన "సరే. దేవుడి సన్నిధిలో అన్నావు. మాట తప్పకు" అన్నాడు.

మాట తప్పలేదు. ఎంత కష్టమైందో చెప్పకపోతే ఇప్పుడు అబద్ధమాడినట్టు అవుతుంది. క్రిస్మసుకు ముందురోజు పొద్దున నా చేతులతో కొత్త తీగలు ఎక్కించి, శ్రుతి చేసి, ఒక్క పాట కూడా వాయించకుండా బీరువాలో పెట్టించాను. మరునాడు డోలక్కు, కంజిరతోనే క్రిస్మసు జరిగింది. బీరువా సరిగ్గా ప్రసంగ వేదిక పక్కనే ఉండేది. ఆదివారాలన్నీ నేను వాక్యం వినలేదు, ఆ బీరువా తలుపునే చూశాను. నా ఎడమచేతి వేళ్ళ చివర గట్టిపడిన చర్మం మెత్తబడిపోతుంటే భయం వేసేది. కటింగు బల్ల దగ్గర గింజలు వచ్చేలోపు బల్ల అంచు మీద వేళ్ళు నొక్కుకుంటూ కూర్చునేదాన్ని.

"ఏటే, సెయ్యి దురదా?" అని పక్క బల్లామె.

"అవును. చర్చి దురద."

"మీ మావయ్యకి సెప్పు, బీరువా గోకుతాడు."

అలా నవ్వుకుంటూ నెట్టుకొచ్చాం.

ఈస్టరు పొద్దున ఒడ్డున సూర్యోదయ ఆరాధన అయ్యాక అందరం హాల్లోకి వచ్చాం. మావయ్య మేనల్లుడు ఒకతను విశాఖపట్నం నుంచి వచ్చాడు. అక్కడ గిటారు క్లాసుకు వెళుతున్నాడు. మంచి పిల్లాడే, నన్ను చూసి అక్కా అని పలకరించాడు. అతన్ని ఎందుకు రప్పించాడో నాకు అర్థమైంది. మావయ్య బీరువా తాళం తీసి, గిటారు బయటకు తీసి, తీగలు అందరికీ కనపడేలా పైకెత్తాడు.

తుప్పు లేదు. ఎర్ర మచ్చ ఒక్కటి లేదు. ఆరు తీగలూ నల్లగా నిగనిగలాడుతున్నాయి.

"సూసేరా? సెయ్యి పడకపోతే ఎలాగుండాయో" అన్నాడు మావయ్య.

నిజంగానే నా చేతులదేనా తప్పు? బరంపురం ఆయన నన్ను ఊరుకోబెట్టడానికి చెప్పాడా? అమ్మ వైపు చూడటానికి ధైర్యం చాలలేదు. అంతలో గిటారు నా ముందు నుంచి మేనల్లుడి చేతికి వెళుతుంటే వాసన వచ్చింది. ఘాటుగా, గొంతు పట్టేసే వాసన. ఆ వాసన నా తలగడకు ఉంటుంది, నా జడకు ఉంటుంది, మా అమ్మ వండిన చారుకు ఉంటుంది. అది నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

"ఇది జీడినూనె" అన్నాను. "తీగలకు జీడినూనె రాశారు."

మా ఒడ్డున పడవలకు రాసే నూనె అది. జీడిపిక్కల పెంకులోంచి తీస్తారు. కర్రకు రెండు పూతలు పూస్తే ఉప్పునీరు అంటదు, పురుగు పట్టదు. ఏది చెడిపోకుండా ఉండాలన్నా మావాళ్ళకు ముందు గుర్తొచ్చేది ఆ డబ్బానే. గుమ్మాలకు రాస్తారు, దూలాలకు రాస్తారు. గిటారు తీగలకు రాసినవాడు మాత్రం ప్రపంచంలో మా మావయ్య ఒక్కడే అయి ఉంటాడు.

"ఊరుకో. ఆరాధన జరగనీ" అన్నాడాయన, నా వైపు చూడకుండా.

మేనల్లుడు వాయించాడు. తడిసిన డప్పు మీద కొట్టినట్టు దబ్ దబ్ మంది. అతను బెదిరిపోయి శ్రుతి చేశాడు, ఇంకా గట్టిగా మీటాడు, లాభం లేదు. నూనె చుట్టుతీగల సందుల్లోకి దిగి జిగురై గట్టిపడింది. సంఘం అలవాటు కొద్దీ పాడింది. ఆ వారం మధ్యకల్లా అతని ఎడమచేతి వేళ్ళు వాచి, బొబ్బలెక్కి, తోలు ఊడటం మొదలైంది. కొత్తగా కటింగుకు వచ్చినవాళ్ళ చేతులు ఎలా ఉంటాయో అచ్చం అలాగే. అమ్మే వాళ్ళింటికి వెళ్ళి ఏం రాయాలో చెప్పి వచ్చింది.

తర్వాతి ఆదివారం సంఘ సమావేశం పెట్టారు. మా బాప్టిస్టుల్లో ఒక పద్ధతి ఉంది. బాప్తిస్మం తీసుకున్న ప్రతి మనిషికీ, ఆడైనా మగైనా, ఓటు ఉంటుంది. ఏ విషయమైనా చేతులెత్తించి తేలుస్తారు. లెక్కకు మా చర్చిలో ఆడవాళ్ళే ఎక్కువ. కానీ ఆడవాళ్ళ చాపల మీంచి చెయ్యి లేవడం నేను ఎప్పుడూ చూడలేదు. పాస్టరుగారు అటు చూసి, ఎవరూ కదలకపోతే, అక్కలందరూ ఒప్పుకున్నట్టే అనేవారు. నా చిన్నప్పటి నుంచీ అంతే.

ఆ రోజు నన్ను మాట్లాడమన్నారు. లేచి నిలబడ్డాను.

"మావయ్యా, నూనె మీరే రాశారా?"

"నానే రాసాను. దాసీదేటున్నాది?" ఆయనకు అబద్ధం చెప్పే అలవాటు లేదు. అది మాత్రం ఒప్పుకోవాలి.

"ఎందుకు రాశారు?"

"ఎందుకేటి? నెల తిరక్కుండా తుప్పు పడతన్నాది. సూసి సూసి ఎలాగొగ్గుతాను?"

ఆయనకు ఇంకా తెలియలేదు తానేమన్నాడో. నేను తొందరపడలేదు.

"తాళం మీ దగ్గర. నేను ముట్టుకోలేదు, ఎవరూ ముట్టుకోలేదు. మరి ఎవరి చేతులు తగిలి తుప్పు పట్టింది మావయ్యా?"

నేను అప్పటికే ఆపేస్తే బాగుండేది, కానీ ఆపలేదు. "ఇంకోటి. జీడి రసం తీగను తినేస్తుందని మీరే అన్నారు. తినకుండా కాపాడటానికి ఆ జీడే తెచ్చి రాశారు. డబ్బాలో ఉన్నప్పుడు మందు, మా చేతులకు ఉన్నప్పుడు రోగమా?"

వెనకాల ఎవరో ఆడామె నవ్వు ఆపుకోలేక దగ్గింది. మేనల్లుడు కట్టు కట్టిన వేళ్ళు ఒళ్ళో పెట్టుకుని, "మావయ్యా, అక్క చెప్పేది నిజమే కదా" అన్నాడు. ఇక అయిపోయింది, గెలిచేశాను అనుకున్నాను. వాదంలో గెలవడం వేరు, సంఘంలో గెలవడం వేరు అని నాకు అప్పటికి తెలియదు.

మావయ్య లేచి కండువా సర్దుకున్నాడు. "మాటకారి గుంటవే. మాటలకేటి, సంఘం సెప్పాల. గిటారు సంఘం ఆస్తి. నాను అడిగేది ఒకటే. ఏడాదికి ఒక్కసారి, క్రిస్మసుకే బయటికి తియ్యాల. మిగతా రోజులు బీరువాలో ఉండాల. కటింగు సేసీవోళ్ళు ముట్టకూడదు. దానికి ఒప్పుకున్నోళ్ళు సేతులెత్తండి."

మగవాళ్ళ వైపు చేతులు లేచాయి. కొన్ని టక్కున లేచాయి, కొన్ని పక్కవాడిని చూసి లేచాయి. తండ్రులు, బాబాయిలు, పెళ్ళాం కటింగుకు వెళితే ఆ కూలితో ఇల్లు నడిచే మగవాళ్ళు. ఒక్కొక్కరినీ చూశాను. చూపు తిప్పుకున్నారు. పాస్టరుగారు లెక్కపెట్టి, "వ్యతిరేకించేవారు?" అన్నారు. అంటూనే అలవాటుగా పుస్తకం మూయబోయారు.

నేను చెయ్యెత్తాను. ఒక్కదాన్నే. అంత పెద్ద హాల్లో ఒక్క చెయ్యి ఎత్తుకుని నిలబడటం ఎంత సిగ్గుగా ఉంటుందో, అందులోనూ నల్లటి చెయ్యి, అది ఎత్తినవాళ్ళకే తెలుస్తుంది. దించకూడదు అని పళ్ళు బిగించుకున్నాను. అందరూ లేచి వెళ్ళిపోయినా దించకూడదు.

చాప మీద గాజుల చప్పుడైంది. మా అమ్మ. చెయ్యెత్తడమే కాదు, లేచి నిలబడింది. ఊళ్ళో బతకాల అన్న మనిషి. పమిట జారిపోతున్నా పట్టించుకోకుండా అరచెయ్యి మావయ్య వైపు తిప్పి పెట్టింది. పగుళ్ళు, నల్లటి గీతలు, ఊడిన గోరు, అన్నీ కనపడేలా.

"అన్నియ్యా, ప్రతి ఆదోరం ఈ సేతుల్తోనే గదా కానుక ఏత్తన్నాను. అది నీ పెట్లో తుప్పు పట్టినాదేటి?"

అమ్మ పక్కనామె చెయ్యి లేచింది. బీరువా గోకుతాడని నవ్వించిన ఆమె చెయ్యి లేచింది. తర్వాత ఇక వరస లేదు. ముసలివాళ్ళవి, పెళ్ళికావాల్సిన పిల్లలవి, పప్పు మీది పొట్టు తీసే పీలింగు వాళ్ళవి కాస్త తెల్లగా, కటింగు వాళ్ళవి నల్లగా, గాజులతో, గాజుల్లేకుండా. ఆ హాల్లో అన్ని చేతులు ఒక్కసారి పైకి ఉండటం నేను అంతకుముందు చూడలేదు. పాస్టరుగారు పుస్తకం మళ్ళీ తెరిచి, వేలితో లెక్కపెట్టడం మొదలుపెట్టి, మధ్యలో మానేశారు. అక్కర్లేకపోయింది. నేను ఏడ్చాను. గెలిచినందుకు కాదు, ఇంతమంది ఇన్నేళ్ళు చేతులు దాచుకుని కూర్చున్నందుకు. నేనూ వాళ్ళలో ఒకదాన్ని అయినందుకు.

మావయ్య "సంఘం మాట సంఘం మాటే" అన్నాడు. మొలతాడుకున్న బీరువా తాళం విప్పి బల్ల మీద పెట్టాడు. తాను అన్న మాట వెనక్కి తీసుకుంటున్నానని మాత్రం అనలేదు. ఇంతవరకూ అనలేదు. నేనూ మళ్ళీ అడగలేదు.

ఆ పూటే గిటారు అరుగు మీద పెట్టుకుని, ఆ జిడ్డు తీగలు ఆరూ వట్టి చేతులతోనే విప్పి పారేశాను. నా చేతులకు అది కొత్తేమీ కాదు కదా. గిటారు మెడ మీది నూనెను కిరసనాయిలు గుడ్డతో తుడిచి, బరంపురం నుంచి తెచ్చి దాచుకున్న రాగి చాయ తీగలు ఎక్కించాను. మెత్తబడిన వేళ్ళు రెండు వారాలు రక్తాలు కారాయి. ఆ రెండు వారాలూ ఆపకుండా వాయించాను. పగలు ఫ్యాక్టరీలో ఆ వేళ్ళ మీద జీడి రసం పడితే కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి. అయినా వాయించాను.

వానలు మొదలయ్యేసరికి అవి పోయాయి. పోవాలి కూడా, అంతగా వాడాను. ఒక ఆదివారం ఆరాధనకు ముందు వేదిక మెట్టు మీద కూర్చుని, పాతవి విప్పి కొత్తవి ఎక్కిస్తున్నాను. ఎవర్నీ అడగలేదు. మావయ్య తలుపులు తెరుస్తూ లోపలికి వచ్చాడు. నా పక్కన చుట్టలుగా పడి ఉన్న పాత తీగలను చూసి ఆగిపోయాడు.

"అప్పుడే పోనాయేటే?" అన్నాడు.

"పోయాయి మావయ్యా. వాయించాను."